చెవి టెస్ట్ రిపోర్ట్ కార్మికుడి చేతికే ఇవ్వాలి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మార్చి నెల వచ్చిందంటే జిల్లా పేజీల్లో ఫ్యాక్టరీల ఫొటోలు వరసపెట్టి వస్తాయి. 3వ తారీఖు ప్రపంచ వినికిడి దినం, 4వ తారీఖు జాతీయ భద్రతా దినం, అక్కణ్ణుంచి వారం రోజులు భద్రతా వారోత్సవాలు, అందరూ హెల్మెట్లు పెట్టుకుని చెయ్యి ముందుకు చాపి ప్రతిజ్ఞ చేస్తుంటారు. మంచిదే, హెల్మెట్ వద్దని ఎవరంటారు. కానీ ఆ రెండు రోజులూ పక్కపక్కనే ఉన్నా కార్మికుల చెవుల గురించి మాట్లాడిన ఫ్యాక్టరీ వార్త నాకు ఇంతవరకూ కనబడలేదు, అందుకే రాస్తున్నా, ఉత్తరం కొంచెం పెద్దదే, దయచేసి మొత్తం వెయ్యండి.

నేను విజయనగరంలో ఒక ఈఎన్‌టీ డాక్టర్ గారి దగ్గర చెవి పరీక్షలు చేస్తాను, హెడ్‌ఫోన్ పెట్టి ఒక్కో సౌండ్ వినిపించి గ్రాఫ్ వేసే పని. మా నాన్న ఈ జిల్లాలోనే ఒక జూట్ మిల్లులో మగ్గాల మీద పనిచేసి రిటైరయ్యారు. కాబట్టి ఈ విషయం నాకు ఇంట్లోనూ తెలుసు, డ్యూటీలోనూ తెలుసు.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది పెద్దవాళ్ళు కాదండి. ముప్పై, ముప్పై అయిదు ఏళ్ళ మగవాళ్ళు వస్తారు, భార్య తీసుకొస్తుంది, ఆయన తనకేం లేదంటాడు, ఆవిడ ఉందంటుంది. గ్లాస్ తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి ఎర్రది కుడి చెవికి నీలంది ఎడమ చెవికి వచ్చేలా హెడ్‌ఫోన్ పెట్టి, సౌండ్ వినబడితే బటన్ నొక్కమని చెప్తాను. 500, 1000 ఫ్రీక్వెన్సీల దగ్గర (ఈ అంకె పెరిగేకొద్దీ సౌండ్ సన్నగా ఉంటుంది) టకటకా నొక్కేస్తారు, 2000 దగ్గర కొంచెం ఆలోచిస్తారు, 4000 దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది, నేను సౌండ్ పెంచుతూ పోతున్నా ఆయన నా మొహమే చూస్తుంటాడు. మళ్ళీ 8000 దగ్గర కొంచెం నయంగా వస్తుంది. కాగితం మీద గీత సాఫీగా వచ్చి 4000 దగ్గర గుంటలో పడి మళ్ళీ కాస్త పైకి లేస్తుంది. ఆ గుంట చూస్తే చాలు, ఏం పని చేస్తారు బాబూ అని అడుగుతాం. గ్రైండింగ్, క్వారీలో డ్రిల్లింగ్, రైస్ మిల్లు, మగ్గాలు, కంప్రెసర్ రూం, ఇవే సమాధానాలు. కొందరైతే సౌండ్ ఇవ్వకపోయినా బటన్ నొక్కేస్తుంటారు, ఎందుకంటే వాళ్ళ చెవిలో ఎప్పుడూ ఒక ఈల మోగుతూనే ఉంటుంది, ఏది మెషిన్ ఇచ్చిన సౌండో ఏది తన చెవిలో మోతో వాళ్ళకే తెలీదు. "రాత్రి ఫేను ఆపితే మరీ ఎక్కువైపోతాదమ్మా, నిద్దరట్టదు" అంటారు.

అసలు లోపల జరిగేది ఏంటంటే, లోపలి చెవిలో నత్త గుల్లలా చుట్టుకున్న భాగంలో సన్నటి రోమకణాలుంటాయి, సౌండ్‌ని నరానికి అందించేవి అవే. పెద్ద మోతకి అవి అలిసిపోతాయి, అందుకే షిఫ్ట్ దిగాక చెవులు దిబ్బడేసినట్టు ఉండి పొద్దున్నకి సర్దుకుంటాయి. రోజూ అదే జరిగితే కొన్నాళ్ళకి సర్దుకోవడం మానేసి చచ్చిపోతాయి. మనిషిలో చచ్చిన రోమకణం మళ్ళీ పుట్టదు, మందు లేదు, ఆపరేషన్ లేదు, చుక్కలు వేసుకుంటే రాదు. ఎందుకో గానీ జనం ఇంకా వెల్లుల్లి నూనె వేస్తున్నారు, దయచేసి వెయ్యకండి, ఉన్న చెవి కూడా పాడవుతుంది.

దీంట్లో ఇంకో తిరకాసు ఏంటంటే ముందుగా పోయేది సన్నటి సౌండ్లు. మొగవాళ్ళ బొంగురు గొంతు వినబడుతుంది, బస్సు హారన్ వినబడుతుంది, ఆడవాళ్ళ గొంతు, చిన్నపిల్లల గొంతు దగ్గర తేడా వస్తుంది. మా నాన్నకి కత్తి అన్నా, సుత్తి అన్నా, పత్తి అన్నా ఒకలాగే ఉంటుంది, ఆ మొదటి అక్షరం ఆయనకి చేరదు. "ఇనబడతంది గానీ ఏటన్నావో తెలట్లేదు" అంటారు, ఆ మాటే మా గదిలో రోజూ వింటాను. ఇంట్లో వాళ్ళేమో ఈయన కావాలనే వినట్లేదనుకుంటారు, మనకి కావలసిందైతే వినబడుద్ది అని దెప్పుతారు. నాన్న మిల్లులో ఉన్నప్పుడు వాళ్ళంతా పెదాలు చూసీ చేతి సైగలతోనూ మాట్లాడుకునేవారంట, మగ్గం పక్కన అరిచినా లాభం లేదు కదా, ఆ అలవాటు వల్ల ఎదురుగా కూర్చుంటే ఇప్పటికీ బాగానే అర్థం చేసుకుంటారు, కానీ ఫోన్లో మనవరాలితో మాట్లాడలేరు, స్పీకర్ పెట్టినా రెండు నిమిషాలకి ఫోన్ అమ్మకిచ్చేసి అవతలికి వెళ్ళిపోతారు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మోత ఎక్కడెక్కడుందో ఒకసారి తలుచుకోండి. విజయనగరం, రాజాం వైపు జూట్ మిల్లులు, గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో ఎల్లాయ్స్, టెక్కలి చుట్టూ గ్రానైట్ క్వారీలు, కటింగ్ పాలిషింగ్ యూనిట్లు, పలాస కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలు, పైడిభీమవరంలో మందుల కంపెనీలు, ఊరూరా రైస్ మిల్లులు, స్టోన్ క్రషర్లు, రోడ్డు పక్కన వెల్డింగ్ షాపులు, బుడితిలో ఇత్తడి సామాను కొట్టేవాళ్ళు. రాగి కొట్టేవాళ్ళకి సుత్తి మోత వల్ల చెవుడు వస్తుందని ఇటలీలో రామజ్జినీ అనే డాక్టర్ రాసి 300 ఏళ్ళు దాటింది, అంటే ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బేం కాదు. డీజే బాక్సుల పక్కన రాత్రంతా నిలబడే కుర్రాళ్ళు కూడా కార్మికులేనండి, వాళ్ళని ఎవరూ ఆ లెక్కలో చూడరు.

మందుల కంపెనీలని ఎందుకు కలిపానంటే, అక్కడ వాడే టోలుయిన్, జైలీన్ లాంటి సాల్వెంట్లు (కరిగించే రసాయనాలు) కూడా చెవికి మంచివి కావు, మోతా సాల్వెంటూ రెండూ ఉన్నచోట నష్టం ఇంకా ఎక్కువ. అలాగే జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటి ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్ళు మోత పనిలో ఉంటే డాక్టర్‌కి ఆ విషయం తప్పకుండా చెప్పాలి.

ఇప్పుడు లెక్కలోకి వస్తాను. మన దేశంలో ఫ్యాక్టరీ రూల్స్ ప్రకారం 8 గంటల పనికి 90 డెసిబెల్స్ (మోతని కొలిచే లెక్క) దాకా ఒప్పుకుంటారు, 95 ఉంటే 4 గంటలు, 100 ఉంటే 2 గంటలు, 115 దాటితే చెవికి రక్షణ లేకుండా ఒక్క క్షణం కూడా ఉండకూడదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ మాత్రం 8 గంటలకి 85 మించొద్దంటుంది, పైన ప్రతి 3 డెసిబెల్స్‌కి టైం సగం చేసెయ్యాలంటుంది, ఆ లెక్కన 100 దగ్గర 15 నిమిషాలే. ఎక్కడ 2 గంటలు, ఎక్కడ 15 నిమిషాలు! వాళ్ళు 1998లో వేసిన అంచనా ఏంటంటే 90 డెసిబెల్స్‌లో పనికాలమంతా గడిపితే ప్రతి నలుగురిలో ఒకరికి ఆ మోత వల్లే వినికిడి దెబ్బతింటుంది, 85లో అయితే నూటికి 8 మందికి. అంటే మన రూల్‌ని తు.చ. తప్పకుండా పాటించిన ఫ్యాక్టరీలో కూడా చెవులు పోతాయి, ఇంక పాటించని చోట సంగతి చెప్పక్కర్లేదు. మీటర్ లేకపోయినా ఒక చిన్న గుర్తు ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడటానికి గొంతు పెంచి అరవాల్సొస్తే అక్కడ మోత 85కి చేరిపోయినట్టే అనుకోండి.

మేం ఇయర్ ప్లగ్గులు ఇచ్చాం, వాళ్ళే పెట్టుకోరు అని సూపర్‌వైజర్లు అంటారు. దీనికి నా జవాబు రెండు భాగాలు. ఒకటి, ప్లగ్గు ఇవ్వడం వేరు, పెట్టుకోవడం నేర్పించడం వేరు. ఆ స్పాంజి ప్లగ్గుని శుభ్రమైన వేళ్ళతో సన్నగా బీడీ చుట్టలా నలిపి, రెండో చేతిని తల మీదుగా తీసుకొచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అది ఉబ్బి నిండేదాకా అర నిమిషం వేలితో నొక్కి పట్టుకోవాలి. మా దగ్గరికి వచ్చిన వాళ్ళని పెట్టుకుని చూపించమంటే చాలామంది చెవి గుమ్మంలో తగిలించి వదిలేస్తారు, సగం బయటికే ఉంటుంది, దానివల్ల ప్యాకెట్ మీద రాసిన 33 డెసిబెల్స్ కాదు కదా దాంట్లో సగం కూడా రాదు. గ్రానైట్ పొడి చేతులతో, గ్రీజు చేతులతో నలిపి పెట్టుకుంటే చెవి చీము పట్టి అసలుకే మానేస్తారు. దూది పెట్టుకునే వాళ్ళున్నారు, తలకి తువ్వాలు చుట్టుకునే వాళ్ళున్నారు, ఆడవాళ్ళు కొంగు బిగించి కట్టుకుంటారు, పాపం దానివల్ల దుమ్ము ఆగుతుందేమో గానీ మోత ఆగదు. ఇంకోటి, షిఫ్ట్ మొత్తం పెట్టుకోవాలి. 30 డెసిబెల్స్ ఆపగల ప్లగ్గుని 8 గంటల్లో ఒక్క అరగంట తీసేసినా లెక్కలో మిగిలేది 12 డెసిబెల్స్ రక్షణే, ఇది చాలామంది చదువుకున్న ఇంజనీర్లకి కూడా తెలీదు. చెమటలకి ఇయర్ మఫ్ (హెడ్‌ఫోన్‌లా చెవుల మీద కప్పేది) నిలవదు నిజమే, మన వైపు ఏప్రిల్ మేలలో ఉక్కపోతకి రేకుల షెడ్‌లో మఫ్ పెట్టుకుని పనిచెయ్యమనడం అన్యాయం, అందుకే నాలుగు రకాలు తెచ్చి ఎవరికి ఏది సరిపడితే అది ఇవ్వాలి.

రెండో భాగం, అసలు ప్లగ్గు ఆఖరి మెట్టు. ముందు మెషిన్‌ని చూడాలి. అరిగిన బేరింగ్, వదులైన గార్డు, గ్రీజు లేని చెయిన్, కారుతున్న ఎయిర్ లైన్, ఇవే సగం మోత చేస్తాయి, వీటిని బాగు చెయ్యడం మెషిన్‌కీ మంచిదే. కంప్రెసర్ని గోడ అవతల పెట్టొచ్చు, ఎగ్జాస్ట్‌కి సైలెన్సర్ పెట్టొచ్చు, రాయి పడే తొట్టికి లోపల రబ్బరు షీటు వెయ్యొచ్చు, బట్టలు దులుపుకోడానికి గాలి గన్ను వాడటం మానిపించొచ్చు. మనిషిని ఒకే చోట 8 గంటలు ఉంచకుండా మార్చొచ్చు. ఇవేవీ చెయ్యకుండా పది రూపాయల ప్లగ్గు చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే బాధ్యత తీరిపోయినట్టు కాదు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇప్పుడు చెప్తున్నా. పనిలో చేరిన రోజే చెవి టెస్ట్ చెయ్యాలి, ఆ తర్వాత ఏడాదికోసారి చెయ్యాలి, ఆ రిపోర్ట్ కాపీ కార్మికుడి చేతికే ఇవ్వాలి. ఫైల్లో పెట్టుకుంటాం అంటే కుదరదు. షుగర్ ఉన్న మనిషి ప్రతి రిపోర్టూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని డాక్టర్ దగ్గరికి తెచ్చినట్టు, మోత పని చేసే మనిషి దగ్గర ఏడాదికో చెవి గ్రాఫ్ ఉండాలి. ఎందుకంటే ఈ జబ్బు ఒక్కరోజులో రాదు, దెబ్బ కనబడదు, రక్తం కారదు, యాక్సిడెంట్ రిజిస్టర్లో ఎక్కదు. పదేళ్ళ తర్వాత నాకు వినబడట్లేదు అంటే, వయసు వల్ల వచ్చిందేమో, పుట్టుకతో ఉందేమో, వేరే కంపెనీలో పోయిందేమో అంటారు. దానికి జవాబు చెప్పగలిగేది ఆ కాగితాల వరస ఒక్కటే. మొదటి ఏడాది గీత సాఫీగా ఉంది, మూడో ఏడాదికి 4000 దగ్గర చిన్న గుంట, అయిదో ఏడాదికి పెద్ద గుంట, ఇంక వాదన ఎక్కడుంది. చేరిన రోజు టెస్ట్ చేస్తే యజమానికి కూడా మంచిదే కదా, ముందే పోయిన చెవికి ఆయన జవాబుదారీ కాదు.

ఇప్పుడు సగానికి సగం పని కాంట్రాక్ట్ మీద నడుస్తోంది, రెండేళ్ళు ఒక ఏజెన్సీ, తర్వాత ఇంకో ఏజెన్సీ, మెషిన్ అదే, మోత అదే, మనిషి అదే, కాగితం మీద యజమాని మాత్రం మారుతుంటాడు. వాళ్ళకి రిపోర్ట్ చేతికివ్వకపోతే పాత ఏజెన్సీతోపాటు ఆ సాక్ష్యం కూడా పోతుంది. మా బంధువుల కుర్రాడొకడు ఇలాగే చేరేముందు ఎక్కడో బస్సులో టెస్ట్ చేశారని చెప్పాడు, రిపోర్ట్ ఏది అంటే తెలీదు, అడిగితే కంపెనీ దగ్గరుందన్నారంట, ఆ కంపెనీ మానేశాక ఎవర్నడగాలి.

చట్టంలో లేదా అంటే ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం పేరు స్పష్టంగా ఉండేది, అలాంటి కేసు బయటపడితే మేనేజరూ, చూసిన డాక్టరూ ప్రభుత్వానికి తెలియజెయ్యాలి. దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త కార్మిక చట్టం, భద్రతా ఆరోగ్య కోడ్‌లో కూడా ఆ జాబితా అలాగే ఉంది. ఈఎస్ఐ (కార్మికుల బీమా) వృత్తి రోగాల జాబితాలో కూడా ఉంది, నెలకి 21 వేల లోపు జీతం ఉన్నవాళ్ళకి ఈఎస్ఐ వర్తిస్తుంది, పరిహారం అడగొచ్చు. మరి ఎంతమంది అడుగుతున్నారు? మా గదిలో గుంట గ్రాఫ్‌తో వెళ్ళిన వాళ్ళలో ఈఎస్ఐలో పెట్టుకోవచ్చని ముందే తెలిసినవాళ్ళని నేను చూడలేదు. వాళ్ళంతా చెవి మిషన్ పెడితే బాగవుద్దా అని అడుగుతారు అంతే. వికలాంగుల సర్టిఫికెట్ వస్తుందా అని కూడా అడుగుతారు, 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాటల ఫ్రీక్వెన్సీలో 60 డెసిబెల్స్ నష్టం ఉంటే గానీ లెక్కలోకి రారు. మోత వల్ల పోయేది 4000 దగ్గర మొదలవుతుంది కాబట్టి, ఇంట్లో పిల్లల మాట అర్థం కాని మనిషి కూడా ఆ లెక్కలో బాగా వినబడే మనిషే! ఆ సర్టిఫికెట్ కోసం చూస్తే దొరకదు, వృత్తి రోగం దారిలోనే వెళ్ళాలి, ఆ దారికి కాగితాలు కావాలి.

కొత్త కోడ్ వచ్చాక 40 దాటినవాళ్ళకి ఏడాదికోసారి ఫ్రీ హెల్త్ చెకప్ అంటున్నారు, సంతోషం. కానీ చెవి విషయంలో 40 బాగా ఆలస్యం. మోత వల్ల జరిగే నష్టం మొదటి పది పదిహేనేళ్ళలోనే జోరుగా జరుగుతుంది, 20 ఏళ్ళకి గ్రైండర్ పట్టిన కుర్రాడికి 40 వచ్చేసరికి పోవలసింది పోయి ఉంటుంది, అప్పుడు టెస్ట్ చేసి ఏం కాపాడతారు. బీపీ, షుగర్, కళ్ళు చూసి పంపించేసే క్యాంపుల్లో చెవి టెస్ట్ కలపాలి, కలిపినా ఫ్యాక్టరీ ఆవరణలో జనరేటర్ పక్కన టెంట్ వేసి చేస్తే ఆ టెస్ట్ చెల్లదు. నిశ్శబ్దంగా ఉన్న గది కావాలి, షిఫ్ట్ దిగిన వెంటనే కాకుండా కనీసం 14 గంటలు మోతకి దూరంగా ఉన్నాక చెయ్యాలి, లేకపోతే అలిసిన చెవిని చూసి పోయిన చెవి అనుకుంటాం.

ఇంక కార్మికుల వైపు నుంచి ఒక భయం ఉంది, దాన్ని దాచకూడదు. "ఈ కాయితం కంపినీకి తెలిస్తే పని తీసేత్తారేమో మేడం, మాకియ్యకండి" అని నన్నే బతిమాలిన వాళ్ళున్నారు. పొట్టకూటి కోసం చెవి పోగొట్టుకున్న మనిషి, అది పోయిందని చెప్పడానికి భయపడుతున్నాడు. యూనియన్ నాయకులు జీతం, బోనస్ గురించి మాట్లాడినంత గట్టిగా దీని గురించి మాట్లాడాలి, చెవి తగ్గిందని తేలితే మోత తక్కువ ఉన్న విభాగానికి అదే జీతంతో మార్చాలి తప్ప ఇంటికి పంపకూడదని ఒప్పందంలోనే రాయించాలి. ఇది రాయించకుండా టెస్టులు పెట్టండి అంటే ఎవడూ నిజం చెప్పడు, వినబడకపోయినా బటన్ నొక్కేస్తాడు.

ఫ్యాక్టరీల శాఖ అధికారులకి నా మనవి ఒక్కటే, తనిఖీకి వెళ్ళినప్పుడు ప్లగ్గుల సంతకాల రిజిస్టర్ చూసి వచ్చెయ్యకుండా షాప్ ఫ్లోర్ మీద ఎవరో ఒక కార్మికుణ్ణి ఆపి నీ చెవి రిపోర్ట్ ఏది అని అడగండి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి కాబట్టి చిన్న రైస్ మిల్లులు, వెల్డింగ్ షాపుల వాళ్ళకి నెలలో ఒకరోజు కేటాయిస్తే సరిపోతుంది, వాళ్ళు సొంతంగా టెస్ట్ పెట్టించలేరు.

చదివే కార్మికులకి కూడా ఒక మాట, పని దిగాక చెవిలో ఈల మోగుతున్నా, టీవీ సౌండ్ ఎక్కువ పెడుతున్నావని ఇంట్లో అంటున్నా ఆలస్యం చెయ్యకుండా టెస్ట్ చేయించుకోండి. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టయితే అది వేరే జబ్బు, దానికి మందు ఉంది కానీ మొదటి కొద్ది రోజుల్లోనే మొదలుపెట్టాలి, అదే తగ్గుద్దిలే అని ఊరుకోకుండా అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. రిపోర్ట్ ఇచ్చాక దాని మీద తేదీ, మీ పేరు, చేసిన వాళ్ళ సంతకం ఉన్నాయో లేదో చూసుకుని, ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కూడా పంపి ఉంచండి.

ఇట్లు,
ఒక జూట్ మిల్లు కార్మికుడి కూతురు,
విజయనగరం